అరవై నాలుగో మేకు

కిందటి వారం భూతద్దాన్ని బొమ్మల గదిలో పెట్టి, బయట తాళం పడుతుంటే చూసి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మనకి వారం గడిచింది గాని ఆవిడకి గడిచింది పావుగంటే. ఆ పావుగంటలో ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

భూతద్దం అసలు పేరు వేరే ఉంది. మ్యూజియంలో పాత ఫొటోల విభాగంలో పదహారేళ్ళుగా ఉద్యోగం. ఏ ఫొటో నిజంగా పాతదో, ఏది మొన్న తీసి టీనీళ్ళలో ముంచి ఆరబెట్టిందో చెప్పడం ఆవిడ పని. కంటికి అద్దం తగిలించుకుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తదని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. రెండేళ్ళ కిందట సొంత మేనత్త ఎంతో ముచ్చటపడి తెచ్చిన ఫొటోని నకిలీ అని మొహం మీదే చెప్పేసింది. ఆ అత్తయ్య ఈనాటికీ మాట్లాడదు. ఊళ్ళో మాత్రం భూతద్దం సరే అన్నదంటే ఇక సరే.

అందుకే సంగీత సంస్థ వాళ్ళు ఆవిణ్ణే పిలిచారు. ఆవిడ పెదనాన్న యాభై ఏళ్ళుగా పేరుమోసిన సంగీత విద్వాంసుల పాతకాలపు ఫొటోలు కూడబెడుతున్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో పాతసామాన్ల కొట్లలో దుమ్ము మింగి సంపాదించిన బొమ్మలవి. ఇప్పుడాయన చూపు పోతోంది. ఇంకో ఆరు నెలలు అన్నాడు కళ్ళ డాక్టరు. చూపుండగానే వాటికో ఇల్లు చూడాలని అరవై నాలుగింటినీ సంస్థకి ఇచ్చేస్తున్నాడు. సంస్థ షరతు ఒక్కటే. ప్రతి బొమ్మా అసలుదేనని భూతద్దం సంతకం పెట్టాలి. ఒక్కదాని మీద అనుమానం ఉన్నా మొత్తం వెనక్కి. సాయంత్రం నాలుగింటికి కార్యదర్శి వస్తుంది.

అరవై మూడు బొమ్మలు నిన్నటికే సాఫీగా అయిపోయాయి. మిగిలింది ఒక్కటి, తెరచాటు గాయని.

ఆవిడ జీవితమంతా తెర వెనక కూర్చునే పాడింది. మొహం నిండా స్ఫోటకం మచ్చలని కొందరు, ఒట్టి పొగరని కొందరు అన్నారు. ఫొటో తీయడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే తరిమేసిందట. ఆవిడ పోయి తొంభై ఏళ్ళు దాటింది. లోకంలో ఎక్కడా ఆవిడ ఫొటో లేదు, పెదనాన్న గోడ మీద తప్ప. అద్దం వెనక ఉన్న ఆ బొమ్మని భూతద్దం చిన్నప్పటి నుంచి వందసార్లు చూసింది. చట్రం విప్పి చేతిలోకి తీసుకోవడం ఇదే మొదటిసారి. గుడ్డుసొన పూసిన కాగితం అసలుదే. వెనక అట్టా, దాని మీద బంగారు అక్షరాల్లో స్టూడియో పేరూ అసలువే. ఇంకెవరైనా అయితే అక్కడితో సంతకం పెట్టి కాఫీ అడిగేవాళ్ళు. భూతద్దం అలవాటు కొద్దీ చెంప మీద అద్దం పెట్టింది. చెంప నిండా తలకట్లు కనపడ్డాయి.

అక్షరాలకి మనం పెట్టే తలకట్లే, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఆవగింజలో సగం కూడా లేవు. వందలకొద్దీ ఉన్నాయి.

పాతకాలంలో ఫొటో గాజుపలక మీద పడేది. ఆ పలక మీద, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మనిషి మొహంలోని గుంటలూ మచ్చలూ పూడ్చేవారు. దాన్నే టచప్ అనేవారు. చేతిరాతలాగే ఎవరి గీత వాళ్ళది. ఒకరు సున్నాలు చుడతారు, ఒకరు వాన జల్లులా ఏటవాలు గీతలు గీస్తారు. తలకట్లు పెట్టే టచప్ మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. అప్పుడే గుండ్రంగా రాయడం నేర్చుకుని, చెయ్యి ఊరుకోక కనపడ్డ చోటల్లా తలకట్లు పెట్టే పదకొండేళ్ళ పిల్ల. ఇప్పుడా పిల్లకి నలభై ఏళ్ళు. కంటికి అద్దం పెట్టుకుని తాళం వేసిన గదిలో కూర్చుంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భూతద్దం పట్టుకుంది. తీరా చూస్తే ఆ దొంగ తనే.

ఆ గది సంగతి కూడా చెప్పాలి. ఎండ తగిలితే ఫొటోలు వెలిసిపోతాయని కిటికీలకి నల్లకాగితం అతికించి మేకులు కొట్టేశారు. తేమ లాగే యంత్రం ఒకటి మూలన కూర్చుని, ముసలి పిల్లిలా గురకపెడుతూ ఉంటుంది. తలుపుకి లోపలివైపు పిడి ఊడిపోయి ఏళ్ళయింది. బయటి నుంచి తీస్తేనే తెరుచుకుంటుంది. ఆ తాళంచెవి పెదనాన్న మెడలో తాడుకి వేలాడుతుంది. సెల్‌ఫోన్లు బయట బుట్టలో పెట్టి రావాలి. ఇక గోడల మీద అరవై మూడు మొహాలు. వయొలిన్ మీద కన్నా ఫొటోగ్రాఫరు మీద ఎక్కువ కోపంగా ఉన్న కోపిష్ఠి, వేణువు పట్టుకుని కునుకు తీస్తున్న నిద్రమొహం, ఇంకా బోలెడుమంది. చిన్నప్పుడు వాళ్ళకి ఆ పేర్లు పెట్టింది భూతద్దమే. ఇవాళ వాళ్ళంతా ఆవిణ్ణే చూస్తున్నట్టుంది.

బల్ల మీద సంస్థ వాళ్ళ కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక్కో బొమ్మకి ఒక్కో వరస. సంఖ్య, చిత్రంలో ఉన్నవారు, ఫొటో తీసినవారు, టచప్ చేసినవారు, ఇప్పటి స్థితి. టచప్ గడి చూసినప్పుడల్లా భూతద్దానికి నవ్వొచ్చేది. ఏ కాలంలోనైనా టచప్ చేసినవాళ్ళ పేరు ఎవరికి తెలుసు? అరవై మూడుసార్లు 'తెలియదు' అని రాసింది. అరవై నాలుగో వరస ఖాళీగా ఉంది.

తాళం చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుని, భోజనం క్యారియరూ దాని వెనక నాన్నా లోపలికి వచ్చారు. "తొందరగా, తొందరగా, తేమొచ్చేస్తుంది" అని పెదనాన్న గొంతు వినిపించింది. వెంటనే తలుపు మూసుకుంది. తాళం పడింది.

నాన్న పెదనాన్న కన్నా ఆరేళ్ళు చిన్న. తాతయ్య నుంచి వచ్చిన ఫొటో స్టూడియోని, జనం ఫోన్లతో ఫొటోలు తీసుకోవడం మొదలెట్టేదాకా నడిపాడు. జోకులు వేయడం ఇంకా మానలేదు.

"తిన్నాక చూడొచ్చులే అమ్మడూ. ఆ అద్దంలోంచి ఎంత చూసినా ఆకలి కనపడదు" అంటూ క్యారియర్ బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, ఒకసారి ఇది చూడు."

"నా కళ్ళకేం ఆనుతుంది తల్లీ?"

"అయితే చూడకుండానే చెప్పు. ఈవిడ కుడి చెంప మీద ఏముంది?"

క్యారియర్ మూత నాన్న చేతిలోంచి జారి కిందపడి గిరగిరా తిరిగింది. అది తిరగడం ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. నాన్న వంగి తీయబోయి, తీయకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పటికైనా పట్టుకుంటావని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు" అన్నాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళు తొందరా నాన్నా?"

ఆవిడకి ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. స్టూడియో వెనక గదిలో ఏటవాలు బల్ల, కింద నుంచి వెలుతురు కొట్టే అద్దం, గాజుపలక మీద కప్పిన నల్లకాగితం, దానికి రూపాయి బిళ్ళంత కన్నం. ఆ కన్నంలోంచి చెంప ముక్క ఒక్కటే కనపడేది. పలక మీద తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కాబట్టి అది మనిషి చెంపో గోడ పెచ్చో కూడా తెలిసేది కాదు. గుర్తుండిపోయింది ఒక్క మాట. వచ్చినవాళ్ళందరూ మచ్చలన్నీ తీసేయమంటారు కదా, ఆ రోజు నాన్న మాత్రం, "సగం ఉంచు అమ్మడూ, మచ్చలు సగం ఉండాలి" అన్నాడు. ఎందుకని అడిగితే పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టి, "తిను" అన్నాడు.

"నాతో ఎందుకు చేయించావు?" అని అడిగింది.

"మరెవరితో చేయించను? నాది వాన గీత. అన్నయ్యదీ అదే. ఇద్దరికీ మా నాన్నే నేర్పాడు. నా గీత వాడు కళ్ళు మూసుకున్నా పట్టేస్తాడు. ఎవరికీ తెలియని చెయ్యి కావాలి. ఇంట్లో అలాంటి చెయ్యి నీదొక్కటే ఉంది."

"ఆ చెయ్యి పెరిగి పెద్దదై ఇదే ఉద్యోగం చేస్తుందనుకోలేదు."

"కలగన్నానా ఏంటి? నువ్వు డాక్టరవుతానంటుండేదానివి అప్పుడు."

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. భూతద్దం నవ్వలేదు. నాన్న క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ ఏడాదే మీ పెద్దమ్మ పోయింది. నీకు గుర్తుందో లేదో. మీ పెదనాన్న అన్నం మానేశాడు. ఏడవడు, మాట్లాడడు. ఈ బొమ్మలన్నీ గోడవైపు తిప్పేశాడు. ఒక్కొక్కటే, రోజుకు నాలుగైదు. పదిహేనో రోజున వచ్చి చూస్తే అన్ని చట్రాలూ వీపు పెట్టి ఉన్నాయి. అదిగో, ఆ మధ్యలో ఖాళీ మేకొకటి. ఎప్పటికైనా తెరచాటు గాయని దొరికితే తగిలిద్దామని వాడు పెళ్ళయిన ఏడాది కొట్టిన మేకు. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నాకు భయమేసింది అమ్మడూ. దాని వంక చూసే చూపు బాగాలేదు."

"అందుకని?"

"అందుకని ఆ మేకుకి ఏదో ఒకటి తగిలించాలి కదా! తాతయ్య ఎప్పుడో మూతపడ్డ స్టూడియోలోంచి కొన్న అట్టలూ కాగితాలూ అటక మీదున్నాయి. పాత కెమెరా ఉంది. పలక తీశాను, నువ్వు టచప్ చేశావు, నేను కడిగి అట్టకి అంటించాను. పాతసామాన్లవాడి చేతికిచ్చి, ఎక్కడో దొరికిందని చెప్పమన్నాను. వాడు వెళ్ళొచ్చిన పూట మీ పెదనాన్న కబురు పంపాడు, అన్నం పెట్టమని. రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను పక్కన కూర్చుని తినడమే మర్చిపోయాను."

యంత్రం గురక ఆగి, మళ్ళీ మొదలైంది. భూతద్దానికి నాన్నని కావలించుకోవాలనిపించింది. ఆ వెంటనే గట్టిగా అరవాలనిపించింది. రెండూ చేయలేదు.

"నేను సంతకం పెట్టను నాన్నా."

"పెట్టకపోతే ఎందుకని అడుగుతాడు."

"తేల్చలేకపోయానని రాస్తాను."

"నువ్వా?" నాన్న ఆవిణ్ణి జాలిగా చూశాడు. "తేల్చలేకపోవడం నీ ఇంటా వంటా ఉందా? నువ్వు నసిగితే అది నకిలీ అని ఊరంతటికీ తెలుసు. అరవై నాలుగూ వెనక్కొచ్చేస్తాయి. కళ్ళు పోయాక వాటినేం చేసుకుంటాడు, తడుముకుంటాడా?"

"అయితే నువ్వే చెప్పు పెదనాన్నకి."

"ఏమని చెప్పను? ఇరవై తొమ్మిదేళ్ళుగా పొద్దున లేచి మొదట చూసిన మొహం దొంగ మొహం అన్నయ్యా అని చెప్పనా? వద్దు తల్లీ. వాడికి తెలియకూడదు. నాకు మాటియ్యి."

"ఇంతకీ ఆ మొహం ఎవరిది? ఎవరిని కూర్చోబెట్టావు?"

నాన్న తేమ యంత్రం వైపు చూశాడు. దానితో ఏదో పనున్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన చెయ్యి బల్ల మీదుగా వచ్చి ఆవిడ చేతిని పట్టుకుంది. భూతద్దం మాట ఇవ్వలేదు. అలాగని చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. నాన్న దాన్నే మాటిచ్చినట్టు లెక్క వేసుకున్నాడు. నాన్నలు అలాగే వేసుకుంటారు.

మళ్ళీ తాళం తిరిగింది. ఈసారి పెదనాన్న గుమ్మంలో నిలబడి, "నువ్వు కిందికెళ్ళి కుర్చీలు సర్దరా. ఆ కార్యదర్శి వేళకి వచ్చే మనిషి" అన్నాడు. నాన్న వెళ్ళాడు, వెళ్తూ కూతురి వంక ఒక్క చూపు చూసి. పెదనాన్న లోపలికి వచ్చి తలుపు మూశాడు. బయటి నుంచి నాన్న అలవాటుగా గడియ పెట్టి, మెట్లు దిగిన చప్పుడైంది. అంటే ఇప్పుడు ఇద్దరూ లోపలే ఉండిపోయారు.

"ఎంతవరకొచ్చింది అమ్మాయ్?"

"అరవై మూడు అయ్యాయి పెదనాన్నా."

"అరవై నాలుగోది?"

"చూస్తున్నాను."

"ఇంకా ఎంతసేపు చూస్తావు? నీ చెయ్యి నువ్వు గుర్తుపట్టడానికి ఇంతసేపా?"

భూతద్దం కంటికున్న అద్దం తీసి బల్ల మీద పెట్టింది. అది దొర్లుకుంటూ అంచుదాకా పోయింది. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. చూపు సరిగా ఆనని మనిషికి అది ఎలా కనపడిందో! ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ ముందు పరిచాడు. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి అతికించి ఉంది.

'పెదనాన్నా, పెద్దమ్మ లేదని మీరు అన్నం మానేయకండి. మీరు తినటం లేదని నాన్న కూడా తినటం లేదు. నాన్న మీతో చెప్పొద్దన్నాడు.'

కింద పేరు. అక్షరాల మీద పెద్ద పెద్ద తలకట్లు, ఉండాల్సిన చోటా, అక్కర్లేని చోటా.

ఆ ఉత్తరం రాసినట్టే ఆవిడకి గుర్తులేదు.

"ఇదొచ్చిన వారానికి ఆ బొమ్మొచ్చింది" అన్నాడు పెదనాన్న. "పాతసామాన్లవాడు ఏదో కథ చెప్పాడు. నేను వినలేదు. బొమ్మ కింద గది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అద్దం పెట్టి చూశాను. ముప్పై ఐదేళ్ళు ఊరివాళ్ళ చేతిరాతలు చదివి బతికినవాణ్ణే నేను. వారం కిందటే చదివిన చెయ్యి మర్చిపోతానా? ఒక్కసారిగా నవ్వొచ్చింది. మీ పెద్దమ్మ పోయాక అదే మొదటిసారి. తర్వాత ఆకలేసింది."

"అంటే మీకు మొదటి నుంచీ..."

"మొదటి పూట నుంచీ. మీ నాన్న అనుకుంటున్నాడు, ఆ గాయని నన్ను బతికించిందని. ఆ గాయని ఎవరికి కావాలి! నా కోసం నా తమ్ముడు అటకెక్కి, దుమ్ములో దగ్గుకుంటూ, ఆ పాత అట్టలు వెతికాడు చూశావూ, అది బతికించింది."

పెద్దాయన తలుపు వైపు తిరిగి, కాసేపు ఎవరో పిలిచినట్టు నిలబడ్డాడు. భూతద్దానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళతో బతికే మనిషి, తుడుచుకోవడం మర్చిపోయింది.

"నాన్నకి చెప్పేయొచ్చుగా పెదనాన్నా. ఒక్క మాట."

"చెబితే వాడేమైపోతాడు? ఇన్నేళ్ళు నేను నాటకం ఆడానని కుమిలిపోడూ? వాడు జన్మలో తీసినవన్నీ పాస్‌పోర్టు ఫొటోలు. గడ్డం పైకెత్తండి, నవ్వకండి అంటూనే జుట్టు నెరిసింది. ఒక్కటి, ఒకే ఒక్కటి గొప్ప బొమ్మ తీశాడు. ఆ కళ్ళు చూడు, ఆ మెడ ఒంపు చూడు. ఈ గోడ మీద ఏ మహామహుడి బొమ్మకీ తీసిపోదు. అది వీళ్ళందరి పక్కనా సంస్థ హాల్లో వేలాడాలి. సంతకం పెట్టు అమ్మాయ్. వాడికి మాత్రం, నాకు తెలుసని తెలియకూడదు. నాకు మాటియ్యి."

అదే మాట, అదే బల్ల, అదే కుర్చీ. మనిషి మారాడంతే.

"నేను ఒక్క అబద్ధం మీద సంతకం పెడితే, మిగతా అరవై మూడూ అబద్ధాలైపోతాయి పెదనాన్నా. మీ యాభై ఏళ్ళూ."

"ఎవడు కనిపెడతాడు? ఆ గీతలు తెలిసింది మన ముగ్గురికే."

"నాకు తెలుసుగా!" అంది భూతద్దం. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది ఆ మాట. గోడ మీద కోపిష్ఠి కూడా ఉలిక్కిపడి ఉంటాడు. "అత్తయ్య బొమ్మ నకిలీ అన్నప్పుడు నాకు తెలుసు. ఇప్పుడూ తెలుసు. మీ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకుంటారు, బాగుంది. నన్నెందుకు మధ్యలో పెట్టి తాళం వేస్తారు?"

పెదనాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, తలుపు తట్టి తమ్ముణ్ణి పిలిచాడు. గడియ తీశాక, వెళ్తూ వెళ్తూ ఆవిడ తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు. కోప్పడి వెళ్ళినా ఆవిడకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ ఇంకా అన్యాయం, ఇద్దరికీ కోపం లేదు. ఇద్దరికీ ప్రేమే. కోపమైతే ఎదిరించొచ్చు. సంతకం పెడితే తను అబద్ధం, పెట్టకపోతే పెదనాన్న బొమ్మలు దిక్కులేనివి, నోరు విప్పితే అన్నదమ్ముల్లో ఒకరు కుప్పకూలతారు. భూతద్దం లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. పిడి ఉండాల్సిన చోట కన్నంలో వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. వెనక్కి వచ్చి కూర్చుంది. గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆ బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కంటికి అద్దం తగిలించుకోకుండా చూసింది, చాలా ఏళ్ళ తర్వాత. పెదనాన్న చెప్పింది నిజమే. ఎవరో ఒకావిడ, మొహం మీద సగం మచ్చలతో, తననెవరైనా చూస్తారని ఎప్పుడూ అనుకోని మనిషిలా కూర్చుని ఉంది. నాన్న ఇంత బాగా తీయగలడా? మరి జీవితమంతా ఎందుకు తీయలేదు?

తర్వాత కాగితం ముందుకు జరుపుకుంది. అరవై నాలుగో వరస. 'చిత్రంలో ఉన్నవారు' దగ్గర కలం ఆగింది. తెలియనిది ఎలా రాస్తుంది? ఆ గడి వదిలేసింది. 'ఫొటో తీసినవారు' దగ్గర నాన్న పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. 'టచప్ చేసినవారు' దగ్గర తన పేరు రాసి, పక్కన చిన్న అక్షరాలతో 'వయసు పదకొండు' అని చేర్చింది. అరవై నాలుగు వరసల్లో ఆ గడిలో పేరు పడింది ఇదొక్కసారే. అప్పుడు కింద సంతకం పెట్టింది. నాన్న తీసిన బొమ్మగా అది అసలుదే, ఆ సంతకంలో అబద్ధం లేదు.

కింద గంట మోగింది.

కార్యదర్శి సన్నగా, పొడుగ్గా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. రాగానే యంత్రాన్ని మెచ్చుకుంది, కిటికీలని మెచ్చుకుంది, తనే తలుపు లాగి మూసింది. "తేమ రాకూడదు కదండీ" అంది. అన్నదమ్ములిద్దరూ గోడవారగా పక్కపక్కన కూర్చున్నారు. భూతద్దం బల్ల దగ్గర నిలబడింది.

"ఇదిగోండి, సంతకం పెట్టేశాను" అంది కాగితాలు అందిస్తూ.

నాన్న ఊపిరి వదిలిన చప్పుడు గది అంతా వినిపించింది. పెదనాన్న కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఇద్దరూ ఆవిడ వంక ఒకేలాంటి చూపు చూశారు, నువ్వు బంగారుతల్లివి అన్నట్టు. ఆ రెండు చూపులూ భూతద్దానికి రెండు చెంపదెబ్బల్లా తగిలాయి.

"మా సంస్థలో ఒక పద్ధతుందండి" అంది కార్యదర్శి కళ్ళజోడు సర్దుకుంటూ. "ఇచ్చేవారి ముందు ప్రతి వరసా పైకి చదివితేగాని పుచ్చుకున్నట్టు కాదు. కాస్త ఓపిక పట్టాలి మరి."

ఆ పద్ధతి సంగతి భూతద్దానికి ఎవరూ చెప్పలేదు. కాగితం సంస్థ వాళ్ళ గదిలో, వీళ్ళిద్దరూ లేని చోట చదువుతారనుకుంది. నాన్నకి తనే నెమ్మదిగా చెప్పాలనుకుంది, పెదనాన్నకి ఇంకా నెమ్మదిగా. తలుపు వైపు చూసింది. పిడి లేని కన్నం నల్లగా కనపడింది.

"ఒకటి," అని మొదలెట్టింది కార్యదర్శి. ఉన్నవారు, తీసినవారు, టచప్ చేసినవారు తెలియదు, స్థితి బాగుంది. రెండు. మూడు. ఒకే గొంతు, ఒకే వేగం. ఒక్కో పేరు వినపడినప్పుడల్లా పెదనాన్న పెదవులు కదిలేవి, ఒక్కొక్కరినీ సాగనంపుతున్నట్టు. నాన్న చేతిరుమాలు మడిచి విప్పుతున్నాడు. ఇరవై దగ్గర కార్యదర్శి మంచినీళ్ళు తాగింది. నలభై దగ్గర భూతద్దం ఆ కాగితాలు లాక్కోవాలనుకుంది. యాభై దగ్గర ఇక ఆలస్యమైపోయిందనుకుంది. నిద్రమొహం వెళ్ళిపోయాడు. అరవై మూడోవాడు కోపిష్ఠి, వాడూ వెళ్ళిపోయాడు.

"అరవై నాలుగు" అంది కార్యదర్శి. "చిత్రంలో ఉన్నవారు..." వేలు కాగితం మీద ఆగింది. "ఇక్కడ ఖాళీగా వదిలేశారే?"

నాన్న చేతిలో రుమాలు ఆగింది. పెదనాన్న కళ్ళు తెరుచుకున్నాయి. అబద్ధం రాసేవాళ్ళు ఆ గడి ఖాళీగా వదలరు.

"సరే, ఏదో మరుపు. ఫొటో తీసినవారు..."

"ఆగండి!"

ఒక గొంతు కాదు, రెండు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే కుర్చీల్లోంచి లేచారు, ఇద్దరి చేతులూ ఒకేలా ముందుకు చాచి. కార్యదర్శి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నాన్న కార్యదర్శిని చూడటం మానేశాడు. మెల్లగా తల తిప్పి, పక్కనే నిలబడి ఉన్న అన్నని, ఆ చాచిన చేతిని, మసకబారిన ఆ కళ్ళని చూశాడు.

"నువ్వెందుకు లేచావు అన్నయ్యా?" అన్నాడు.